ఇంగ్లండ్ వేలంలో పాత పింగాణీ కొనాలంటే: కేటలాగ్ నుంచి ఇంటి అల్మారా దాకా

మా అల్మారాలోని నీలిపూల టీ గిన్నెలు చూసినవాళ్లందరూ చివరికి ఒకటే అడుగుతారు: "వేలంలో కొన్నారట కదా, మోసపోకుండా ఎలా కొనాలి?" ఫోన్లో పదిమందికి ముక్కలు ముక్కలుగా చెప్పిందే ఇక్కడ వరసలో పెట్టాను. ఇదంతా ఇంగ్లండ్‌లో ఊరూరా ఉండే మామూలు వేలం హాళ్ల సంగతి. అక్కడ ఉంటున్నవాళ్లకైనా, ఇండియా నుంచి ఆన్‌లైన్‌లో పాడేవాళ్లకైనా పద్ధతి ఒకటే.

## 1. ఒక్క ఫ్యాక్టరీతో మొదలుపెట్టండి

ఇంగ్లిష్ పింగాణీ అంతా ఒకే సరుకు కాదు. 1740ల నుంచి చెల్సీ, బో, ఆ వెనకే డార్బీ, వూస్టర్, లోస్టాఫ్ట్ ఫ్యాక్టరీలు, ఎవరి మట్టి వాళ్లు కలుపుకున్నారు. బో మట్టిలో ఎముకల బూడిద పడింది. వూస్టర్ వాళ్లు సోప్‌స్టోన్ కలిపారు, అంటే మన బలపం రాయి. ప్లిమత్‌లో 1768లో చైనా తరహా గట్టి పింగాణీ మొదలైంది. 1790ల తర్వాత స్పోడ్ కుదిర్చిన బోన్ చైనాలో దాదాపు సగం ఎముకల బూడిదే. మట్టి మారితే బరువు, రంగు, గ్లేజు (పైన ఉండే గాజులాంటి పూత), పగిలే తీరు అన్నీ మారతాయి. అన్నిటినీ ఒకేసారి నేర్చుకుందామని దిగితే ఏదీ రాదు.

నన్నడిగితే 1755–1785 మధ్య వూస్టర్ చేసిన నీలం–తెలుపు టీ సామాను పట్టుకోండి. వేలాలకు తరచుగా వస్తుంది, చిన్నది, పోల్చి చూడటానికి ముక్కలు దొరుకుతాయి. బొమ్మల జోలికి మాత్రం మొదట్లో పోవద్దు. వేళ్లు, పూరేకులు, మెడ విరిగి అతికించనివి తక్కువ. నకళ్లు కూడా వాటిలోనే ఎక్కువ.

ఇంకో మాట. వెడ్జ్‌వుడ్ పేరు కనబడగానే పింగాణీ అనుకోకండి. ఆ నీలం మీద తెల్లబొమ్మల జాస్పర్‌వేర్ వేరే జాతి, అది స్టోన్‌వేర్, అంటే రాయిలా గట్టిపడేలా కాల్చిన మట్టి సామాను.

పేర్లు కూడా పలకడం నేర్చుకోండి, ఫోన్లో అడిగేటప్పుడు తడబడకుండా. స్పెల్లింగ్ చూసి "వోర్సెస్టర్" అంటే హాల్లో వెంటనే తెలిసిపోతుంది కొత్తవాళ్లని. అది వూస్టర్. "కౌగ్లీ" అని చదవాలనిపించేది కాఫ్లీ, అదీ ఒక పింగాణీ ఫ్యాక్టరీయే. "డెర్బీ" కాదు, డార్బీ.

## 2. కొనే ముందు చూపు, చేయి సిద్ధం చేసుకోండి

లండన్ వీ అండ్ ఏ (విక్టోరియా అండ్ ఆల్బర్ట్) మ్యూజియం పై అంతస్తులోని సిరామిక్స్ గదులు, వూస్టర్ ఊళ్లో రాయల్ వూస్టర్ మ్యూజియం, స్టోక్-ఆన్-ట్రెంట్‌లో పాటరీస్ మ్యూజియం, ఈ మూడూ చాలు. కానీ అక్కడ అద్దం అడ్డం. ముట్టుకునే అవకాశం వేలానికి ముందు పెట్టే వ్యూయింగ్ రోజున వస్తుంది, సాధారణంగా పైసా ఖర్చు లేకుండా. మొదటి మూడు వ్యూయింగ్‌లకు జేబులో బ్యాంకు కార్డు లేకుండా వెళ్లండి.

తర్వాత కొనే మొదటి ముక్క అంచు పెచ్చు లేచిందో, నెర్రె ఇచ్చిందో అయితే మరీ మంచిది. అసలైన వూస్టర్ అయి ఉండి, దెబ్బ తిన్నందుకు తక్కువకు పోయే సాసర్ ఒకటి ఇంట్లో ఉంటే, రేపు ఏ గిన్నె చూసినా దానితో పోల్చుకోవచ్చు.

## 3. కేటలాగ్‌ను వకీలులా చదవండి

లాట్ (వేలంలో ఒక నంబరు కింద అమ్మే సరుకు) వివరంలో ప్రతి మాటకీ లెక్క ఉంటుంది.

- "వూస్టర్ టీ గిన్నె, సిర్కా 1770": ఇది వూస్టర్ పనేనని, సుమారు ఆ కాలానిదేనని హాలు వాళ్ల అభిప్రాయం.
- "ప్రాబబ్లీ", "అట్రిబ్యూటెడ్ టు": అనుకుంటున్నారు. పందెం మీది.
- "వూస్టర్ స్టైల్", "18వ శతాబ్దపు తరహా": అది కాదని మర్యాదగా చెప్పడం.
- "రాయల్ వూస్టర్": 1862లో ఏర్పడిన కంపెనీ. 1751 నాటి పాత వూస్టర్ సరుకు ధర దీనికి కట్టకండి.
- "ఏ/ఎఫ్": "ఉన్నది ఉన్నట్టు". అంటే ఎక్కడో దెబ్బ ఉంది, వెతుక్కునే బాధ్యత మీదే.

ఎస్టిమేట్, అంటే హాలు వాళ్లు రాసే అంచనా ధర, ఊహ మాత్రమే. మరీ తక్కువ పెట్టారంటే జనాన్ని రప్పించడానికి కావచ్చు. రిజర్వ్, అంటే అమ్మకందారు ఒప్పుకునే కనీస ధర, సాధారణంగా బయటికి చెప్పరు.

## 4. వ్యూయింగ్‌కు తీసుకెళ్లే సంచి

□ చిన్న ఎల్ఈడీ టార్చి
□ 10 రెట్లు పెద్దది చేసే భూతద్దం
□ యూవీ టార్చి (కళ్లలోకి వేయకండి)
□ టేపు, నోటుబుక్కు, పెన్సిలు
□ ఫోను, చార్జింగ్ నిండుగా
□ ఉంగరాలు, గాజులు, వేలాడే చున్నీ లేకుండా మీరు

చివరిది తమాషాకు రాయలేదు. ఉంగరం అంచుకు తగిలితే పెచ్చు లేస్తుంది, బిల్లు మీకొస్తుంది.

## 5. గిన్నె చేతిలోకి వచ్చాక: ఈ వరసలోనే చూడండి

ఇక్కడ తొందరపడకండి. మిగతా మెట్లన్నీ కలిపి ఎంత సమయం తీసుకుంటారో, ఇక్కడ అంత తీసుకోండి.

మొదట, మూత ఉంటే తీయండి. కూర్చుని, బల్ల మీదికి వంగి, రెండు చేతులతో పట్టుకోండి. పిడి పట్టి ఎత్తవద్దు. రెండొందల ఏళ్ల కింద అతికించిన పిడి మీ చేతిలోనే ఊడాలని ఏముంది?

బోర్లించండి. గిన్నె కింద నిలబడే అడుగు రింగు చూడండి. ఇన్నేళ్లు బల్లల మీద జరిగిన రింగుకు అరుగుదల ఉండాలి, అదీ ఎగుడుదిగుడుగా, మురికి లోపలికి ఇంకి. చుట్టూ ఒకే తీరుగా, మట్టిరంగు పులిమినట్టు ఉంటే అనుమానించండి. వూస్టర్ గిన్నెల్లో రింగు లోపలి అంచున గ్లేజు వెనక్కి తగ్గి, సన్నటి పొడి గీతలా మట్టి కనబడటం మామూలు. పాతవాళ్లు ఆ గీత మీద పెన్సిల్ నడిపి చూస్తారు: గ్లేజు మీద జారిపోతుంది, మట్టి మీద గీసుకుంటుంది. హాల్లో అడగకుండా ఆ పని చేయకండి. పైగా కాఫ్లీ గిన్నెల్లోనూ అలాంటి గీతే వస్తుంది, కాబట్టి అదొక్కటే రుజువు కాదు.

వెలుతురు దాటించండి. టార్చిని గిన్నె లోపల పెట్టి బయటినుంచి చూడండి. వూస్టర్ సాధారణంగా లేత ఆకుపచ్చగా వెలుగుతుంది. కాఫ్లీ గడ్డిరంగు, నారింజ వైపు పోతుంది. లోస్టాఫ్ట్ పసుపుగా ఉంటుంది. 1750లలోని చెల్సీ సామానులో మట్టి లోపలి గాలిబుడగలు చిన్న చిన్న చందమామల్లా కనబడతాయి, వాటిని అక్కడ నిజంగానే "మూన్స్" అంటారు. నెర్రెలు కూడా ఈ వెలుతురులోనే బయటపడతాయి, పగటిపూట కనబడని గీత నల్లగా నిలబడుతుంది. టార్చి మారితే రంగు మారుతుంది గనక ప్రతిసారీ ఒకే టార్చి వాడండి.

మోగించండి. గిన్నెను మునివేళ్ల మీద నిలిపి, గోటితో మెల్లగా తట్టండి. "టింగ్" మంటే మేలు. "టప్" అంటే ఎక్కడో పగులుంది, లేదా అతుకుంది. అయితే మందంగా ఉండే సామాను ఎలాగూ సరిగ్గా మోగదు. టీపాట్‌తో ఈ పరీక్ష పెట్టుకోకండి.

అంచు చుట్టూ వేలు తిప్పండి. అంచులో ఒకచోట జారుడు తగ్గి కొద్దిగా వెచ్చగా, ప్లాస్టిక్‌లా తగిలితే అక్కడ రంగు వేసి రిపేరు చేశారు. యూవీ వేస్తే కొత్త రంగు, జిగురు చాలాసార్లు చుట్టూ ఉన్నదానికి భిన్నంగా మెరుస్తాయి.

ఇది నాకు డబ్బు పెట్టి తెలిసింది. మొదట కొన్న టీ గిన్నెను ఫొటోలు చూసి ఆన్‌లైన్‌లో పాడాను. "బాగుంది" అన్న ఒక్క మాట నమ్మాను, ప్రశ్న అడగలేదు. పార్సిల్ విప్పి, మురికిగా ఉందని గోరువెచ్చని నీళ్లలో పెట్టి పది నిమిషాలు వదిలేశాను. తిరిగొచ్చేసరికి అంచు నుంచి గోరంత తెల్లటి రేకు ఊడి నీటి మీద తేలుతోంది. దాని కింద రెండు సెంటీమీటర్ల పెచ్చు, పసుపుపచ్చ జిగురు. హాలు వాళ్ల నిబంధనల్లో "చెప్పకపోయినంత మాత్రాన లోపం లేదని కాదు" అని స్పష్టంగా ఉంది. ఆ గిన్నె ఇప్పటికీ అల్మారాలో ముందు వరసలోనే ఉంది, కొత్తగా తెచ్చినవాటి అంచులు పోల్చి చూడటానికి.

అతుకుల దగ్గర ఆగండి. పిడి రెండు చివరలు, టీపాట్ ముక్కు కొన, మూత మీది బుడిపె. ముందు చెడేవి ఇవే. మూతను తిప్పి చూడండి, ఊగకుండా కూర్చోవాలి. మూత మీది నీలం, పాట్ మీది నీలం ఒకే ఛాయలో లేకపోతే అవి రెండు వేర్వేరు సెట్లవి, ఎవరో కలిపి పెళ్లి చేశారు. బజారులోనూ వాటిని "మ్యారీడ్" అనే అంటారు. ధర బాగా తగ్గాలి.

గ్లేజులో సన్నటి వలలా గీతలున్నాయా? వూస్టర్ సామాను వేడినీళ్లకు తట్టుకుంటుందని పేరు తెచ్చుకున్నదే ఆ బలపం మట్టి వల్ల. దాని గ్లేజు అలా వలలుగా చిట్లడం అరుదు. వలుంటే ఇంకోసారి ఆలోచించండి.

## 6. గుర్తును చివర చూడండి

కొత్తవాళ్లు గిన్నె తిప్పగానే గుర్తు చూసి సంబరపడతారు. గుర్తు వేయడం అన్నిటికన్నా తేలికైన నకలు. మట్టి, గ్లేజు, ఆకారం ఏం చెప్పాయో దానికి గుర్తు సరిపోతుందా అన్నదే ప్రశ్న.

వూస్టర్‌కు నీలి నెలవంక. చేత్తో బొమ్మ గీసిన ముక్కలకు ఖాళీ నెలవంక, ప్రింటు వేసినవాటికి గీతలతో నింపిన నెలవంక వస్తుంది. లోస్టాఫ్ట్ వాళ్లు నెలవంకను కాపీ కొట్టారు. కాఫ్లీ వాళ్ల "సీ" అక్షరం తొందరలో చూస్తే నెలవంకలానే ఉంటుంది. గుర్తే లేని అసలు వూస్టర్ కూడా బోలెడుంది.

చెల్సీకి లంగరు: సుమారు 1752 నుంచి ఎర్రది, ఆ దశాబ్దం చివరి నుంచి 1769 దాకా బంగారు రంగుది. అసలు లంగరు చాలా చిన్నది, వెతికితే గాని దొరకదు. దర్జాగా అడుగున పెద్ద బంగారు లంగరుంటే నకలయ్యే అవకాశమే ఎక్కువ. పారిస్‌లో 1845లో మొదలైన సామ్సన్ కంపెనీ గట్టి పింగాణీలో ఇలాంటివి విరివిగా చేసింది. చెల్సీది మెత్తటి మట్టి, చెదిరినచోట పంచదారలా గరుకుగా ఉంటుంది. గట్టి పింగాణీ గాజులా చెదురుతుంది.

కాలం తేల్చే కొండగుర్తులు:

- దేశం పేరుగా "ఇంగ్లండ్" అని ఉంటే దాదాపుగా 1891 తర్వాతది. అమెరికా దిగుమతి చట్టం ఆ మాట రాయించింది.
- "మేడ్ ఇన్ ఇంగ్లండ్" అంటే సాధారణంగా 20వ శతాబ్దం.
- డైమండ్ ఆకారపు రిజిస్ట్రేషన్ గుర్తు: 1842–1883. 1884 నుంచి "ఆర్‌డీ నంబరు" వచ్చింది. ఇవి డిజైన్ నమోదైన తేదీలు, ముక్క చేసిన తేదీలు కావు.

"1760 నాటిది" అని చెప్పి అడుగున "ఇంగ్లండ్" ఉన్న కప్పు చూపిస్తే నవ్వి తిరిగి ఇచ్చేయండి.

## 7. వెళ్లలేకపోతే కండిషన్ రిపోర్ట్ (వస్తువు స్థితి మీద హాలు ఇచ్చే వివరం) మెయిల్‌లో అడగండి

"కండిషన్ ఎలా ఉంది?" అని అడిగితే "వయసుకు తగ్గట్టుగా ఉంది" అని జవాబు వస్తుంది. అవుననో కాదనో చెప్పక తప్పని ప్రశ్నలు పంపండి:

□ అంచు చుట్టూ పెచ్చు, నెర్రె, రిపేరు ఉన్నాయా? ఎక్కడ, ఎన్ని మిల్లీమీటర్లు?
□ యూవీ కింద చూశారా?
□ పిడి, ముక్కు, బుడిపె అతికించినవా?
□ మూత దీనిదేనా?
□ అడుగు భాగం, అడుగు రింగు, టార్చి వెలుతురులో గిన్నె: ఈ మూడు ఫొటోలు పంపగలరా?

పాటకు రెండు రోజుల ముందే మెయిల్ పెట్టండి. పాట రోజు ఉదయం అడిగితే పలికేవాళ్లుండరు. జవాబు దాచుకోండి.

## 8. పాటకు ముందే లెక్క కట్టండి

సుత్తి పడ్డ ధర, అంటే హ్యామర్ ధర, మీరు కట్టే ధర కాదు. ఉదాహరణకు 120 పౌండ్లకు సుత్తి పడిందనుకోండి:

- బయ్యర్స్ ప్రీమియం (కొన్నవాళ్ల దగ్గర హాలు తీసుకునే కమిషన్) 25%: 30
- ఆ ప్రీమియం మీద వ్యాట్ 20%: 6
- ఆన్‌లైన్ వేదిక రుసుము 5%: 6
- దాని మీద వ్యాట్: 1.20
- ప్యాకింగు, రవాణా: 25 అనుకుందాం

మొత్తం 188.20 పౌండ్లు. ప్రీమియం శాతం హాలును బట్టి మారుతుంది. కొందరు వ్యాట్ కలిపి 30% అని ఒకేసారి రాస్తారు, కొందరు విడిగా. లాట్ నంబరు పక్కన నక్షత్రమో కత్తి గుర్తో ఉంటే హ్యామర్ ధర మీద కూడా పన్ను పడొచ్చు. గుర్తుల అర్థం కేటలాగ్ వెనక ఉంటుంది, చదవండి.

లెక్క వెనకనుంచి కట్టడం తేలిక. జేబులో 200 పౌండ్లుంటే రవాణా 25 తీసేయండి. పై రుసుములు, పన్నులు కలిపితే పాడిన ప్రతి పౌండుకు 1.36 కడతారు గనక, మిగిలిన 175ను 1.36తో భాగిస్తే 128. అదే మీ ఆఖరి పాట. కాగితం మీద రాసి గుండ్రం చుట్టండి.

## 9. పాట రోజు

ముందురోజే రిజిస్టర్ చేసుకోండి, గుర్తింపు కార్డు, బ్యాంకు కార్డు అడుగుతారు. హాల్లో గంటకు సుమారు 100 లాట్లు పోతాయి. పది గంటలకు మొదలైతే 350వ లాట్ ఒంటిగంటన్నర ప్రాంతంలో వస్తుంది. అయినా గంట ముందే కూర్చోండి.

మన ఊళ్లో లాగా "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అని లెక్కపెడతారని ఎదురుచూడకండి. చుట్టూ ఒక చూపు, బల్ల మీద ఒక దెబ్బ, అంతే. ఆన్‌లైన్ వీడియో ఒకట్రెండు సెకన్లు వెనకబడి ఉంటుంది. ఆఖరి క్షణంలో నొక్కుదామని కూర్చుంటే నొక్కేలోపు లాట్ పోతుంది.

కుదరకపోతే కమిషన్ బిడ్ ఇవ్వండి: మీ గరిష్ఠ ధర రాసిస్తే హాలు వాళ్లే మీ తరఫున, అవసరమైనంత మేరకే పాడతారు. అందరూ రాసే అంకె రాయకండి. 120 అని నలుగురు రాస్తారు, 130 రాసినవాడికి దక్కుతుంది. టెన్షన్ పడేవాళ్లకు ఈ దారే మంచిది.

బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయలకు మొదలై ఇప్పుడు లక్షల్లో పోతోంది. అక్కడ ఎక్కువకు పాడినవాడికి ఊళ్లో గౌరవం, ఇంటికి ప్రసాదం. ఇక్కడ పంతానికి పోయి ఎక్కువ పాడితే బిల్లు తప్ప ఏమీ రాదు. గుండ్రం చుట్టిన అంకె దాటగానే చేయి దించేయండి. ఎవరూ కొనని లాట్లు పాట తర్వాత కూడా అమ్ముతారు, రిసెప్షన్‌లో అడిగితే రిజర్వ్ ధర చుట్టుపక్కల ఇవ్వొచ్చు. ఈ సంగతి చాలామందికి తట్టదు.

## 10. ఇంటికి చేర్చడం

చాలా చిన్న హాళ్లు ప్యాక్ చేసి పంపవు, బయటి కొరియర్ పేరు ఇస్తాయి. పాడే ముందే ఇది కనుక్కోండి. కొరియర్ నిబంధనల్లో "పింగాణీ, గాజుకు నష్టపరిహారం లేదు" అన్న వాక్యం ఉందేమో వెతకండి, తరచుగా ఉంటుంది. మూత విడిగా చుట్టాలి, గిన్నె లోపల మెత్తటి కాగితం నింపాలి, పెట్టెలో పెట్టె, రెంటి మధ్య కనీసం ఐదు సెంటీమీటర్ల మెత్తటి సరుకు. ఊపితే కదలిక ఉండకూడదు.

ఇండియాకు తెప్పిస్తే కస్టమ్స్ సుంకం విడిగా ఉంటుంది. పాడే ముందే కస్టమ్స్ ఏజెంటును అడగండి, హాలు ఇచ్చిన ఇన్‌వాయిస్‌లో వయసు రాయించండి. విదేశం నుంచి తిరిగొచ్చేసేవాళ్లు ఇంకోటి గమనించాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద నూరేళ్లు దాటిన కళాఖండాలను ప్రైవేటు వ్యక్తులు దేశం నుంచి ఎగుమతి చేయడానికి వీల్లేదు. వస్తువు ఇంగ్లండ్‌లో పుట్టిందే అయినా, తెచ్చినంత తేలిగ్గా వెనక్కి పోదు. దిగుమతి కాగితాలు జన్మలో పారేయకండి.

## 11. పతకాలు, నాణేలు, చారిత్రక వస్తువులైతే

ఇక్కడ వస్తువు కన్నా కాగితం ముఖ్యం. "నెపోలియన్ ఓడిన వాటర్‌లూ మైదానంలో దొరికిన గుండు" అన్న మాటకు పాత బిల్లో, ఉత్తరమో లేకపోతే అది ఒట్టి సీసం ముక్కే.

పతకమైతే అంచు చూడండి. వాటర్‌లూ పతకం అంచున సైనికుడి పేరు అచ్చు వేసి ఉంటుంది. పాత పేరు అరగదీసి కొత్తది వేస్తే అక్కడ పతకం కొద్దిగా పలచబడుతుంది, కొలిస్తే తెలుస్తుంది. టిప్పు మీద 1799 శ్రీరంగపట్నం యుద్ధానికి ఈస్టిండియా కంపెనీ ఇచ్చిన పతకం వేరు. సింహం పులిని లొంగదీసే బొమ్మతో, పేరు లేకుండానే ఇచ్చారు. ఆ యుద్ధంలో నిజాం సేనలు కంపెనీ వైపే ఉన్నాయి గనక మనవాళ్లకు దాని మీద ఆసక్తి సహజం. కానీ "ఫలానా అధికారిది" అన్న కథకు కాగితం లేకపోతే కథకు డబ్బివ్వకండి.

□ ఇంగ్లండ్ నేలలో మెటల్ డిటెక్టర్‌తో దొరికినదైతే, నమోదు నంబరు ఉందా? 1996 ట్రెజర్ యాక్ట్ (నేలలో దొరికిన నిధుల చట్టం) కింద అధికారులకు చెప్పాల్సినది చెప్పారా?
□ దంతం ఉందా? 2022 జూన్ నుంచి బ్రిటన్‌లో దంతపు వస్తువుల అమ్మకం కొద్ది మినహాయింపులు తప్ప నిషిద్ధం. టీపాట్ పిడిలోని చిన్న దంతపు బిళ్లకు కూడా నమోదు కావాలి.
□ భారత విగ్రహమా, శిల్పమా? ఎప్పుడు, ఎలా దేశం దాటిందో చూపే కాగితం లేకపోతే దాని దగ్గర ఆగనే వద్దు.

## 12. అల్మారాలో పెట్టే ముందు

ఇరవై నాలుగు గంటలు అలాగే ఉంచి, పగటి వెలుతురులో మళ్లీ ఒకసారి రిపోర్ట్‌తో సరిచూడండి. తేడా ఉంటే ఫొటోతో అదే రోజు రాయండి.

తర్వాతే కడగడం. సింకులో కాదు, ప్లాస్టిక్ బేసినులో, అడుగున తువ్వాలు వేసి, గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క సబ్బు. ఒక్కోసారి ఒక్కటే. రిపేరు చేసినవి, వెనక లోహపు కుట్లు వేసినవి నీళ్లలో ముంచకుండా తడిగుడ్డతో తుడవండి. బ్లీచ్ వద్దు. డిష్‌వాషర్ సంగతి చెప్పక్కర్లేదు. పాత గ్లేజుల్లో సీసం ఉంటుంది కాబట్టి అందులో టీ తాగాలన్న సరదా కూడా వద్దు.

ప్రతి ముక్కకూ నోటుబుక్కులో ఒక పేజీ: లాట్ నంబరు, తేదీ, మొత్తం ఖర్చు, లోపాలు, టార్చి వెలుతురులో రంగు. గిన్నె అడుగున స్టిక్కర్ అంటించకండి. పాత వేలం స్టిక్కర్లు, ఎవరి కలెక్షన్‌లో ఉందో చెప్పే చీటీలు ఉంటే మాత్రం పీకకండి, మీ తర్వాత కొనేవాడు వాటికే అదనంగా ఇస్తాడు.